నొప్పులన్నీ పోశన్నవే

మా యూనివర్సిటీ చరిత్ర రాసివ్వమని సావనీర్ కమిటీవాళ్లు నన్నడిగారు. మొదటిరోజు నుంచీ ఉన్నవాళ్లలో నేనే మిగిలానట. రాసిచ్చాను. ఇంగ్లీషులో రెండు పేజీలు. చైర్మన్‌గారి దూరదృష్టితో మొదలై కొత్త క్యాంపస్ ఫొటోతో ముగుస్తుంది. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. నిజం కూడా అంతంతమాత్రమే. ఉప్పు లేని పప్పులా ఉన్న ఆ వ్యాసాన్ని అందరూ మెచ్చుకున్నారు. నాకు ఒళ్లు మండింది. అందుకే ఇప్పుడు తీరిగ్గా కూర్చుని తెలుగులో ఇంకొకటి రాసుకుంటున్నాను. ఇందులో చైర్మన్‌గారు రారు. మల్లన్న వస్తాడు.

నా పేరు రెహానా. మాది బోధన్. ఇంట్లో దక్కనీ, బడిలో తెలుగు, ఉద్యోగంలో ఇంగ్లీషు. తిట్టాల్సి వస్తే మాత్రం మూడూ కలిసి వస్తాయి. పెళ్లయి దోహా వచ్చిన కొత్తలో, ఇంకా పుట్టీపుట్టని ఈ యూనివర్సిటీలో రిసెప్షనిస్టుగా చేరాను. ఇప్పుడు స్కిల్స్ ల్యాబ్‌కి ఇంచార్జిని. నర్సింగు, ఫిజియోథెరపీ, అంబులెన్సు చదువులు చదివే పిల్లలు అసలు రోగి మీద చెయ్యి వేసేముందు ఉత్తుత్తి రోగుల మీద పని నేర్చుకునే చోటది. ఆ ఉత్తుత్తి రోగుల్లో మొదటివాడు మల్లన్న.

దోహా పక్కన ముఐథర్‌లో ఒక అద్దె విల్లా మా పుట్టిల్లు. సావనీర్‌లో దాన్ని ‘తాత్కాలిక ప్రాంగణం’ అన్నాను. అక్కడ వంటగదే లైబ్రరీ. మసాలా డబ్బాలు పెట్టుకునే అరల్లో శరీరశాస్త్రం పుస్తకాలు సర్దాం. ఎంత తుడిచినా వాటికి ఏలకుల వాసన పోయేది కాదు. మొగవాళ్లు కూర్చునే మజ్లిస్ గదిలో క్లాసులు. పిల్లలు గోడవారగా దిండ్లకు ఆనుకుని కూర్చుని, మనిషి గుండె ఎన్ని గదుల ఇల్లో చెప్పించుకునేవాళ్లు. వెనకాల నీళ్లు లేని ఈతకొలను ఉండేది. చలికాలం సాయంత్రాలు అందులోకి కుర్చీలు దించుకుని చదువుకునేవాళ్లు. మేడ కిటికీలోంచి చూస్తే నీలం పలకల అడుగున తెల్లకోట్లు కదిలేవి, పెదాలు కదిలేవి, మాట మాత్రం పైదాకా వచ్చేది కాదు. నీళ్లలోనే బతికే మనుషులెవరో వైద్యం నేర్చుకుంటున్నారనిపించేది. ఇప్పటికీ యూనివర్సిటీ నా కలలోకి వస్తే ఆ కొలనే వస్తుంది. కొత్త క్యాంపస్ ఒక్కసారీ రాలేదు.

ఆ విల్లా తుడవడానికి క్లీనింగ్ కంపెనీ పంపిన మనిషి మల్లన్న. ఊరు కోరుట్ల దగ్గర. అంతకుముందు సైట్ల మీద పరంజా కట్టేవాడు. పొడుగు మనిషి, నెమ్మది మాట, నవ్వితే కళ్లు మూసుకుపోతాయి. ఊళ్లో భార్య గంగామణి, కాస్త పసుపు వేసే నేల. మధ్యాహ్నం అన్నం వేళకు ఆమెకు ఫోన్ చేసి ముఖం చూసుకుని మాట్లాడేవాడు. నేను తెలుగు మాట్లాడతానని తెలిసిన రోజు ఆయన ముఖం చూడాలి. “అమ్మా, నువ్వు మనోళ్లే!” అని చీపురు కింద పెట్టి దండం పెట్టాడు. బోధన్‌కీ కోరుట్లకీ మధ్య ఎంత దూరముందో ఊళ్లో ఉంటే లెక్కేసుకునేవాళ్లం. ముఐథర్‌లో ఎవరు లెక్కేస్తారు?

అప్పుడే ఒక చిక్కొచ్చింది. పిల్లలు నేర్చుకోవడానికి తెప్పించిన రబ్బరు బొమ్మ ఓడరేవులో ఆగిపోయింది. క్లాసు మొదలుపెట్టాలి, పడుకోబెట్టడానికి మనిషి లేడు. మా డీన్ ఈజిప్టు ఆయన, పెద్ద గొంతు, పెద్ద బొజ్జ. గుమ్మంలో తడిగుడ్డతో నిలబడ్డ మల్లన్నను చూసి, “యల్లా రఫీక్, తాల్!” అని రమ్మంటూ మంచం చూపించాడు. మల్లన్న నా వైపు చూశాడు. “పడుకోమంటున్నడు మల్లన్నా” అన్నాను. రోగి కోరిందీ పాలే, వైద్యుడిచ్చిందీ పాలే అంటారు చూడండి, అదే జరిగింది. ఏళ్ల తరబడి ఎండలో ఇనుపగొట్టాలు మోసిన మనిషి, ఏసీ గదిలో మెత్తటి పరుపు. పిల్లలు రక్తపోటు చూసే పట్టీ చేతికి చుట్టేలోపే గుర్రు పెట్టాడు. మా యూనివర్సిటీ మొదటి పాఠం ఆ గుర్రు మధ్యే జరిగింది. సావనీర్‌లో రిబ్బన్ కత్తిరించడం గురించి రాశాను.

పడుకోవడం తేలికే. చిక్కంతా మాట్లాడాల్సి వచ్చినప్పుడు. రోగిని ‘ఏం బాధ’ అని అడిగి రాబట్టుకోవడం కూడా ఒక పాఠమే. “నీకు కడుపులో నొప్పి, రెండు రోజుల నుంచి వాంతులు, అంతే చెప్పు” అని నేను నేర్పించి పంపాను. మలయాళీ అమ్మాయి ఒకతి వచ్చి హిందీలో అడిగింది. మల్లన్న బిగుసుకుపోయాడు.

“బాధ మాఫీ. ఫిట్, ఫుల్ ఫిట్!”

“కడుపులో నొప్పి లేదా?”

“మాఫీ! ఏం లేదు!” అంటూ మంచం మీంచి దూకి, రెండు గుంజీలు తీసి, ఛాతీ విరుచుకుని నిలబడ్డాడు.

డీన్ నవ్వి నవ్వి కుర్చీలో కూలబడ్డాడు. పిల్లలూ నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు, ఎందుకంటే ఆ గుంజీలు ఎక్కడివో నాకు తెలుసు. గల్ఫ్‌కి వచ్చే ప్రతివాడూ వీసాకు ముందు మెడికల్ దాటాలి. తెల్లకోటు కనపడితే దగ్గు మింగాలి, నొప్పి దాచాలి, గుంజీ తియ్యాలి. ‘అన్‌ఫిట్’ అన్న ఒక్కమాట పడితే కన్న కలలన్నీ అక్కడే మడతపెట్టుకోవాలి. అన్నాళ్లుగా ఒంట్లో పాతుకుపోయిన ఆ భయం, ‘ఇది ఉత్తుత్తి ఆటే’ అని చెబితే పోతుందా? “మల్లన్నా, నొప్పి ఉందని చెప్పడమే నీ డ్యూటీ” అని ఎంత మొత్తుకున్నా, తెల్లకోటు ఎదురైతే చాలు, గుంజీలే.

చివరికి నాకో ఉపాయం తోచింది. “నీ నొప్పి గాదు మల్లన్నా. వేరేటాయన నొప్పి. పోశన్న అనుకో. ఆయనకు నోరు లేదు, ఆయన తరఫున నువ్వు చెప్తున్నవ్.”

మల్లన్న కాసేపు ఆలోచించాడు. “గట్లయితే చెప్త” అన్నాడు.

చెప్పాడు. ఆ రోజు పోశన్న కడుపునొప్పి గురించి మల్లన్న చెబుతుంటే మజ్లిస్ అంతా కదలకుండా విన్నది. నొప్పి ఎక్కడ మొదలవుతుందో, ఎటు పాకుతుందో, పోశన్న పొలం గట్టు మీద కూర్చుని మోకాళ్లు పొట్టకు ఎట్లా అదుముకుంటాడో, ఇంట్లో చెబితే కూర మానేస్తారని ఎట్లా నవ్వుతాడో. సగం హిందీ, సగం తెలుగు, మధ్యలో నేర్చిన అరబ్బీ ముక్కలు. అడ్డమొచ్చినచోట నేను తిప్పి చెప్పాను. డీన్ లేచి వచ్చి మల్లన్న భుజం తట్టాడు. ఆనాటి నుంచి తుడిచే పని వేరేవాళ్లకు పోయింది.

తర్వాత యూనివర్సిటీ అల్ అజీజియాకు మారింది. కిటికీలోంచి అస్పైర్ టవర్ కనిపించే పెద్ద భవనం. ఓడరేవులో ఇరుక్కున్న బొమ్మ ఎప్పుడో వచ్చింది, దాని వెనకాల ఇంకా ఖరీదైన బొమ్మలు వచ్చాయి. అవి ఊపిరి పీలుస్తాయి, చెమట పోస్తాయి, కావాలంటే చచ్చిపోయి మళ్లీ బతుకుతాయి. మల్లన్న పని అయిపోయిందనుకున్నాం. కానీ పిల్లలు బొమ్మల దగ్గర సూది వెయ్యడం నేర్చుకుని, మాట నేర్చుకోవడానికి మల్లన్న దగ్గరికే వచ్చేవాళ్లు. బొమ్మ అన్నీ చేస్తుంది గానీ, “తిన్నవా బిడ్డా, మొకం వాడిపోయింది” అనదు కదా.

పోశన్న ఒక్కడే ఎన్ని జబ్బులని మోస్తాడు? గుండెపోటుకు లింగన్న పుట్టాడు. ఉబ్బసానికి రాజవ్వ పుట్టింది. కాలు విరగ్గొట్టుకోవడానికి ఒక తాగుబోతు బావమరిది వచ్చాడు. మల్లన్న మంచం మీద కళ్లు మూసుకుని వాళ్లను పిలిచేవాడు, వాళ్లు వచ్చేవాళ్లు. వాళ్లకు ఇళ్లున్నాయి, కొట్లాటలున్నాయి, పసుపు ఉడకబెట్టే రోజులున్నాయి. మెట్ల మీద ఎదురైతే పిల్లలు “లింగన్న ఎట్లున్నడు?” అని అడిగేవాళ్లు. “తేరుకున్నడు, మొన్న మొక్కజొన్న ఇత్తిండు” అని మల్లన్న నిజంగానే చెప్పేవాడు. నేనూ ఆ పిచ్చిలో పడ్డాను. దుమ్ము లేచి సూర్యుడు పాలిపోయిన మధ్యాహ్నాల్లో, అల్ రయ్యాన్ రోడ్డు మీద సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు, ఎదురుగా ఉన్న మేడల కిటికీలు చూస్తూ, రాజవ్వ వీటిలో ఏ గదిలో ఉంటుందో అనుకునేదాన్ని. వెనకాలవాడు హారన్ కొడితేగానీ రాజవ్వ పుట్టనే లేదని గుర్తొచ్చేది కాదు.

కరోనా ఏడాది అందరూ ఇళ్లలో కూర్చున్నారు. భవనంలో మల్లన్న, కెమెరా పట్టుకుని నేను. ఖాళీ గది, మధ్యలో మంచం, మంచం మీద మనిషి. గోడ మీది తెరలో చిన్నచిన్న గళ్లు, గళ్ల నిండా పిల్లల ముఖాలు. ఒక్కొక్కరే అడిగేవాళ్లు: ఏం బాధ? ఎప్పటి నుంచి? రాత్రి నిద్ర పడుతున్నదా? మల్లన్న పైకప్పు చూస్తూ ఒక్కొక్కరికీ నెమ్మదిగా జవాబిచ్చేవాడు. ప్రపంచమంతా కలిసి ఒక్కమనిషి ఒంటి సంగతి అడుగుతున్నట్టుండేది. ఆ ఏడాది భయమంతా మరిచిపోయాను గానీ ఆ గొంతులు మాత్రం చెవిలో ఉన్నాయి.

అల్ రయ్యాన్ చివర మా సొంత క్యాంపస్‌కు వచ్చాక, కిందటేడు, మొదటిసారి మల్లన్న కాళ్లు చూశాను.

పొద్దున బాగానే ఉండేవి. సాయంత్రానికి చెప్పుల పట్టీ చర్మంలోకి దిగిపోయేది. కళ్ల కింద సంచులు. రెండంతస్తులెక్కితే గోడ పట్టుకుని, ఫోన్ చూస్తున్నట్టు నటించి ఆయాసం తీర్చుకునేవాడు. ఎండలో ఏళ్లకేళ్లు నీళ్లు సరిగ్గా తాగకుండా పనిచేసినవాళ్లకు మూత్రపిండాలు ఎట్లా అలిసిపోతాయో మా పిల్లలకు ప్రతి ఏడూ పాఠం చెబుతాం. గోడల మీద బొమ్మలు కూడా వేసి ఉన్నాయి.

“కాళ్లేంది మల్లన్నా గట్ల వాచినయ్?”

“కొత్త చెప్పులమ్మా. పట్టినయ్.”

తాటిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డికోసమన్నట్టు! “చెప్పులు పడితే కళ్ల కింద వాస్తదా?” అని మండిపడ్డాను. నవ్వి కళ్లు మూసుకున్నాడు.

లాక్కెళ్లి క్యాంపస్ క్లినిక్‌లో కూర్చోబెట్టాను. అక్కడ ఏం చేశాడో తెలుసా? మా దగ్గర నేర్చుకున్న విద్యంతా మా మీదే ప్రయోగించాడు. రెండు రోజుల ముందే డాక్టర్ అపాయింట్‌మెంట్ చెప్పడం నా తెలివితక్కువతనం. ఉప్పు మానేశాడు. ఆ పొద్దున స్టోర్ రూములో పడుకుని కాళ్లు గోడకు ఆనించి పైకి పెట్టాడు. ఫిజియోథెరపీ పిల్లలు నేర్పించినట్టు కాళ్లకు గుడ్డపట్టీలు బిగించి కట్టుకుని, డాక్టర్ పిలిచేముందు విప్పేశాడు. కుర్చీలో నిటారుగా కూర్చుని, పాదాలు నేలకు ఆనించి, ఊపిరి లెక్కపెట్టుకుంటూ తీశాడు. నొప్పి లేదు, ఆయాసం లేదు, నిద్ర బంగారం. డాక్టర్ తలూపి, రక్తపోటు కాస్త ఎక్కువుంది, రక్తపరీక్షకు ఇచ్చి వెళ్లమన్నాడు. “రేపు డ్యూటీ లేదు సార్, రేపిస్త” అన్నాడు మల్లన్న. ఆ రేపు రాలేదు. ఇన్నేళ్లు జబ్బు మనిషిగా నటించడం నేర్పించాం. ఆయన జబ్బు లేని మనిషిగా నటించడం నేర్చుకున్నాడు.

“నిన్నెవ్వరు పంపరు మల్లన్నా. వైద్యం చేయించుకుంటే ఇంటికి తోలాలని రూలు లేదు. నేను కనుక్కున్న” అని చెప్పాను. చెవిటివాని ముందు శంఖమూదినట్టే. భయం రూల్సు చదవదు.

“మంచిగున్న అమ్మా, నాకేమైంది?” అన్నాడు.

గంగామణికి చెబుదామంటే అసలు ఒప్పుకోలేదు. రోజూ మధ్యాహ్నం ఆమెకు వీడియో కాల్ చేస్తాడు. ఫోన్ ఎత్తి పట్టుకుంటాడు, పాదాలు కనపడకుండా. ‘ఎట్లున్నవ్?’ ‘మంచిగున్న. నువ్వెట్లున్నవ్?’ ‘మంచిగున్న. దుబాయ్‌ల ఎండలెట్లున్నయ్?’ ఖతర్‌లో ఉన్నానని ఇన్నేళ్లలో ఆయన ఆమెకు చెప్పనూ లేదు, ఆమె అడగనూ లేదు. ఎండలూ వానలూ పసుపు ధరా మాట్లాడుకుని పెట్టేసేవాళ్లు. ఆ మాటలు వింటుంటే నాకు నిద్రొచ్చేది, కోపమొచ్చేది, ఏడుపొచ్చేది.

చూస్తూ ఊరుకుంటే మనిషి చేజారిపోతాడని తెలుస్తూనే ఉంది. ఈ మనిషి తన పేరు మీద ‘నాకు బాగాలేదు’ అనడు. సరే, పోశన్న పేరు మీద అంటాడు కదా.

ఒక కొత్త రోగి కథ రాశాను. పోశన్న, కాళ్లవాపు, అలసట, ఆకలి లేదు. నాలుగు ముక్కలు. పిల్లల సాధన క్లాసులో పెట్టాను. చదివి వినిపిస్తే మల్లన్న నవ్వాడు. “ఈసారి పోశన్నకు పెద్ద కష్టమే వచ్చింది గదమ్మా” అన్నాడు. నేను ముఖం తిప్పుకున్నాను.

క్లాసులో అందరికన్నా నెమ్మదైన పిల్లను పంపాను. ఇరం. వాళ్ల నాయనమ్మది నిజామాబాద్, పిల్ల ఇక్కడే పుట్టింది, తెలుగు విరిచి విరిచి మాట్లాడుతుంది. రోగి దగ్గర కూర్చుంటే లేవదు, ఎప్పుడూ టైం చాలదు, ఎప్పుడూ మార్కులు పోతాయి. నేను అద్దం వెనక గదిలో చెవికి హెడ్‌ఫోన్ తగిలించుకుని కూర్చున్నాను. అటునుంచి చూస్తే అద్దం, ఇటునుంచి చూస్తే కిటికీ.

మధ్యాహ్నం. బయట దుమ్ము కమ్మి వెలుతురు పసుపునీళ్లలా ఉంది. ఇరం స్టూలు లాక్కుని మంచం పక్కన కూర్చుంది.

“సలాం చాచా. ఏం బాధ?”

“నాకేం లేదు బిడ్డా. పోశన్నకు కాళ్లు వాస్తున్నయ్” అని మొదలుపెట్టాడు మల్లన్న. “పొద్దుగూకెటాల్లకు చెప్పుల పాదం పట్టది. అన్నం సయిస్తలేదు. నోట్లె ఇనుము నాకినట్టుంటది. రాత్రిపూట ఒళ్లంత దురద. ఉచ్చ పోస్తే నురుగు. పండుకుంటె ఎవరో ఛాతి మీద కూసున్నట్టుంటది, లేసి గోడకు కూసుంటడు, కూసునే నిద్రపోతడు.”

నేను రాసింది నాలుగు ముక్కలు. ఇనుము రుచి రాయలేదు. దురద రాయలేదు. నురుగు రాయలేదు. కూర్చుని నిద్రపోవడం నేను రాయలేదు. హెడ్‌ఫోన్ రెండు చేతులతో అదిమిపట్టుకున్నాను.

ఇరం దుప్పటి తొలగించి, పాదం పైన ఎముక దగ్గర బొటనవేలితో మెల్లగా నొక్కింది. ఉత్తుత్తి రోగుల దగ్గర ఇక్కడ వాపుందనుకో అని చెబుతాం, పిల్లలు ఉందనుకుని ముందుకు పోతారు. ఇరం వేలు తీసింది. గుంట అట్లాగే ఉంది. ఆ పిల్ల గుంట వంక చూసింది, చాలాసేపు చూసింది. అద్దం వైపు ఒక్కసారి కూడా తిరగలేదు.

“పోశన్న ఎవరికన్న చెప్పిండా చాచా?”

“ఎవరికి చెప్తడు?”

“భార్యకు?”

“చెప్తె ఆమె బువ్వ తినది.”

“డాక్టరుకు?”

“అన్‌ఫిట్ అని ఇంటికి తోల్తరు.”

“ఇంటికి పోతే ఏమైతది?”

మల్లన్న పైకప్పు చూస్తూ నెమ్మదిగా అన్నాడు. “ఈడైతె పొద్దున లేస్తె ఎవరో ఒకరొచ్చి ఏం బాధ అని అడుగుతరు బిడ్డా. అబద్ధానికే అడుగుతరు. అయితేంది, అడుగుతరు గద.”

నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఏడ్చాను. దాచుకోవడానికేముంది? ఈ యూనివర్సిటీని మేమంతా కట్టింది పిల్లలకు చదువు చెప్పడానికని అనుకున్నాను. ఒక మనిషి దీన్ని తనను అడిగేవాళ్లున్న ఇల్లనుకుని ఇన్నేళ్లు బతికాడు.

ఇరం పాదం వదల్లేదు. రెండు చేతుల్లోకి తీసుకుంది.

“పోశన్న ఇంటికి పోయిండు చాచా” అన్నది విరిచి విరిచి. “నువ్వున్నవ్. ఈ కాలు నా చేతిల ఉన్నది. ఇది ఎవరి కాలు?”

మల్లన్న కళ్లు మూసుకున్నాడు. ఈసారి నవ్వి కాదు.

“నాదే బిడ్డా” అన్నాడు.

ఆ రోజు నేనే తోడు వెళ్లి రక్తం ఇప్పించాను. మూత్రపిండాలు సగానికి పైగా అలిసిపోయాయి, అయినా చేతులెత్తెయ్యలేదు అన్నాడు డాక్టర్. మందులు, ఉప్పు లేని తిండి, నెలనెలా పరీక్ష. ఇంటికి తోలడమన్న మాట ఎవరి నోటా రాలేదు. మల్లన్న మాత్రం కొన్నాళ్లదాకా తలుపు చప్పుడైతే ఉలిక్కిపడేవాడు. ఉప్పు లేని కూర తిని, “జైల్ల సుత ఇంతకన్న మంచిగ పెడ్తరేమో” అని గొణిగేవాడు. గొణుగుతున్నాడంటే బతుకు మీద ఆశ ఉన్నట్టే అనుకుని నేనూ కసిరేదాన్ని.

ఒక్కటే మిగిలింది. ఈ జబ్బుతో ఒంటరిగా ఈదలేరు, ఇంట్లోవాళ్లకు తెలియాలి అని డాక్టర్ గట్టిగా చెప్పాడు. మల్లన్న అన్నిటికీ తలూపి దీనికి మాత్రం అడ్డంగా ఊపాడు. నేను మాట్లాడతానన్నాను, ఇరం మాట్లాడతానంది. “వద్దు. నా పెండ్లాం, నేను చెప్త” అన్నాడు. చెప్పలేదు. మధ్యాహ్నం కాల్స్ అట్లాగే నడిచాయి. ఎండలు, వానలు, మంచిగున్న, మంచిగున్న.

నిన్న మధ్యాహ్నం క్లాసులు లేవు. మల్లన్న ల్యాబ్ గుమ్మంలో ఫోన్ పట్టుకుని నిలబడ్డాడు.

“అమ్మా, మంచం మీద పండుకొని చెప్పనా? నిలవడి చెప్పొస్తలేదు.”

మంచం మీది బొమ్మను నేనే పక్కకు దించాను. ఆయన పడుకున్నాడు. తలగడ సర్దుకున్నాడు. నేను వెళ్లబోతే ఉండమన్నట్టు చెయ్యి చూపించాడు. గోడవారగా నిలబడ్డాను.

ఫోన్ మోగింది. తెర మీద గంగామణి ముఖం వచ్చింది. సన్నటి మనిషి, నెరిసిన జుట్టు, వెనకాల సున్నం గోడ.

“ఎట్లున్నవ్?” అన్నదామె.

ఎక్కడో కోడి అరిచింది. మల్లన్న గొంతు సవరించుకున్నాడు. పోశన్న వస్తాడేమోనని నాకు భయమేసింది.

“నా పానం మంచిగ లేదు గంగామణీ” అన్నాడు.

ఆమె ఏడవలేదు, అరవలేదు. చీర కొంగు చేతికి చుట్టుకుంటూ అట్లాగే కూర్చుంది.

“ఎన్నొద్దులసంది?”

“శాన దినాలాయె. చెప్పబుద్ధి కాలే.”

“ఊఁ” అన్నది. ఇంకా కాసేపు కొంగు చుట్టుకుంది. తర్వాత తల ఎత్తింది. ఆమె చూపు ఫోన్ మీద లేదు, ఫోన్‌కు కాస్త పక్కగా ఉంది.

“నాది సుత మంచిగ లేదు” అన్నది. “కండ్లు పోతున్నయ్. అంత మంచు కమ్మినట్టుంటది. ఏడాది దాటింది నీ మొకం నాకు అగుపించక. నువ్వు చెప్తె నేను చెప్దమని సూస్తున్న.”

మల్లన్న మంచం మీద లేచి కూర్చున్నాడు. ఎత్తి పట్టుకున్న ఫోన్‌ను కిందికి దించి ముఖానికి దగ్గరగా పెట్టుకున్నాడు. ఇంకా దగ్గరగా జరుపుకున్నాడు. తెర నిండా ఆయన ముఖమే అయింది.

“ఇప్పుడు?” అని అడిగాడు. “ఇప్పుడు అగుపిస్తున్ననా?”